పోస్టు మాయమయ్యే దారులు: 1950 నుంచి సహయోగ్ దాకా

ఎక్స్‌లో కొన్ని ఖాతాలు తెరిస్తే పోస్టులు ఉండవు. చట్టపరమైన డిమాండ్ వచ్చింది కాబట్టి భారత్‌లో నిలిపేశాం అన్న ఒక్క ముక్క కనిపిస్తుంది. ఎవరడిగారో, ఏ వాక్యం తప్పో చెప్పరు. సమాచార హక్కు కింద అడిగితే ఐటీ చట్టం కింద 2009లో చేసిన బ్లాకింగ్ రూల్స్‌లోని 16వ రూలు చూపించి రహస్యం అంటారు. ఈ ఏర్పాటు ఒక్క ప్రభుత్వం చేసింది కాదు, ఒక్క పార్టీ చేసింది అంతకన్నా కాదు.

రాజ్యాంగం అమల్లోకి వచ్చిన కొద్ది వారాలకే గొడవ మొదలైంది. కోస్తా, రాయలసీమ కూడా కలిసి ఉన్న అప్పటి మద్రాసు రాష్ట్రం వామపక్ష వారపత్రిక ‘క్రాస్ రోడ్స్’ను లోపలికి రానివ్వలేదు. ఢిల్లీలో ఆరెస్సెస్ భావాల ‘ఆర్గనైజర్’ను అచ్చుకు ముందే అధికారులకు చూపించాలన్నారు. 1950 మే 26న సుప్రీంకోర్టు రెండు ఉత్తర్వులనూ కొట్టేసింది. ఏడాది తిరిగిన కొద్ది రోజులకే, 1951 జూన్‌లో, మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది. వాక్ స్వాతంత్ర్యానికి పరిమితులు చెప్పే 19(2)లో ‘శాంతిభద్రతలు’, ‘విదేశాలతో స్నేహ సంబంధాలు’, ‘నేరానికి ప్రేరేపించడం’ చేరాయి. పరిమితులు ‘సమంజసంగా’ ఉండాలన్న మాటా అప్పుడే పడింది, అదొక్కటి మేలు. ఆ చర్చలోనే నెహ్రూ రాజద్రోహపు సెక్షన్ 124ఏను అసహ్యకరమైనదన్నారు. ఆ సెక్షన్ మాత్రం 2024 జూన్ దాకా పుస్తకంలోనే ఉంది.

ఇంటర్నెట్ కాలంలో మొదట పేరు మోసింది ఐటీ చట్టంలోని సెక్షన్ 66ఏ. 2008 డిసెంబరులో లోక్‌సభ చర్చ లేకుండా ఆమోదించిన ఐటీ సవరణలో భాగమిది. ‘చికాకు’, ‘అసౌకర్యం’ కలిగించినా మూడేళ్ల దాకా జైలు. 2012 నవంబరులో బాల్ ఠాక్రే అంత్యక్రియల నాటి బంద్‌ను ప్రశ్నించిన అమ్మాయినీ, ఆ పోస్టుకు లైక్ కొట్టిన స్నేహితురాలినీ పాల్ఘర్‌లో అరెస్టు చేశారు. 2013 మేలో రోశయ్యపైనా, చీరాల ఎమ్మెల్యేపైనా పెట్టిన పోస్టుకు పౌరహక్కుల నాయకురాలు ఒకరు అరెస్టయ్యారు.

2012 ఆగస్టులో యూపీఏ ప్రభుత్వం ట్విటర్ ఖాతాలు బ్లాక్ చేయించినప్పుడు గుజరాత్ ముఖ్యమంత్రిగా ఉన్న మోదీ తన ప్రొఫైల్ బొమ్మను నల్లగా మార్చి నిరసన తెలిపారు. ఆయన ప్రధాని అయ్యాక కేంద్రం తరఫు న్యాయవాదులు 66ఏను కోర్టులో సమర్థించారు. 2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. పోలీసులు ఆ తర్వాత కూడా అదే సెక్షన్ రాస్తూ పోతే 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

2015 నాటి ఆ తీర్పులోనే, పెద్దగా ఎవరూ పట్టించుకోని భాగంలో, పోస్టులు బ్లాక్ చేయించే అధికారం కేంద్రానికిచ్చే సెక్షన్ 69ఏ నిలబడింది. జాగ్రత్తలు ఉన్నాయన్నదే కారణం. శాఖ నోడల్ అధికారి అభ్యర్థన పంపాలి. న్యాయ, హోం, సమాచార ప్రసార శాఖల ప్రతినిధులూ, సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ప్రతినిధీ ఉన్న కమిటీ దాన్ని చూడాలి. సమాధానానికి కనీసం 48 గంటలివ్వాలి. ఐటీ కార్యదర్శి సంతకం పడాలి. కారణాలు రాతలో ఉండాలి. అత్యవసరమైతే ముందే ఆపేయొచ్చు గానీ 48 గంటల్లో కమిటీ ముందు పెట్టాలి. ఇంతవరకూ కాగితం మీద బాగానే ఉంది. ఆచరణలో నోటీసు కంపెనీకి వెళ్తుంది, రాసిన మనిషికి అందదు. అందని ఉత్తర్వు మీద అప్పీలు వేయడం ఎలా?

ఈ మాత్రం తతంగం కూడా బరువనిపించిందేమో, అదే చట్టంలోని 79(3)(బి) దారి తెరుచుకుంది. ఇతరులు పెట్టిన పోస్టులకు బాధ్యత పడకుండా కంపెనీలకున్న రక్షణ ఎప్పుడు పోతుందో చెప్పేది మాత్రమే అసలు ఆ సెక్షన్. 2024 అక్టోబరులో హోం శాఖ తెచ్చిన సహయోగ్ పోర్టల్ దాన్ని తొలగింపు నోటీసుల యంత్రంగా మార్చింది. కమిటీ లేదు, విచారణ లేదు. హైదరాబాద్ శివార్లలో ఒకామె రైలు పట్టాల మీద కారు నడిపిన వీడియో తీసేయమని రైల్వే శాఖ పంపిన నోటీసును ఎక్స్ న్యాయవాది కర్ణాటక హైకోర్టులో చూపించారు. దానివల్ల దేశ భద్రతకు ఏం ముప్పో మరి. 2025 సెప్టెంబరు 24న హైకోర్టు కంపెనీ పిటిషన్ కొట్టేసింది. ఆ నవంబరు 15 నుంచి మాత్రం ప్రభుత్వ శాఖల్లో జాయింట్ సెక్రటరీ (ఆ హోదా వారు లేనిచోట డైరెక్టర్), పోలీసుల్లో డీఐజీ స్థాయికి తగ్గని అధికారే నోటీసివ్వాలన్న సవరణ అమల్లోకి వచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వైఎస్ ప్రభుత్వం మీడియాపై చర్యలకు వీలిచ్చే జీవో 938 తెచ్చి, నిరసనలతో పక్కన పెట్టింది. 2019లో జగన్ ప్రభుత్వం జీవో 2430తో శాఖల కార్యదర్శులకే మీడియాపై కేసులు పెట్టే అధికారమిచ్చింది. పత్రికా స్వేచ్ఛకు సంకెళ్లని తెదేపా మండిపడింది. 2024 నవంబరులో ఆ పార్టీ ప్రభుత్వమే వైకాపా సోషల్ మీడియా కార్యకర్తలను వరుసగా అరెస్టు చేస్తుంటే, స్వేచ్ఛ గురించి మాట్లాడే వంతు వైకాపాకు వచ్చింది. 2025 మార్చిలో తెలంగాణలో కాంగ్రెస్ ప్రభుత్వం ఇద్దరు మహిళా జర్నలిస్టులను అరెస్టు చేసింది.

ఈ కేసుల్లో కొన్నింట్లో ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 111, అంటే వ్యవస్థీకృత నేరం, కనిపిస్తుంది. పోస్టులకు మామూలుగా పెట్టే 196, 353 సెక్షన్లకు ప్రాథమికంగా మూడేళ్ల శిక్షే కాబట్టి, అరెస్టుకు బదులు హాజరు కమ్మని చెప్పే 35(3) నోటీసు ముందు ఇవ్వాలి; ఇది సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్)లోది. బీఎన్ఎస్ఎస్ 173(3) ప్రకారం డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరపొచ్చు. మాటలకు సంబంధించిన కేసుల్లో ఆ విచారణే సరైన పద్ధతని 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. రిమాండ్‌కు ముందు ఇవన్నీ చూడాలని 2025 జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ పంపింది. 111కు, ప్రాణం పోని కేసుల్లో, కనీసం అయిదేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. అది ఎఫ్ఐఆర్‌లో పడిందంటే 35(3) నోటీసూ, 14 రోజుల విచారణా రెండూ వర్తించవు.