మశూచి పోయింది, పోచమ్మ పోలేదు: మతం, ఆధునికతల గురించి అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో డిగ్రీ, పీజీ విద్యార్థులకు సమాజశాస్త్రం చెప్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. ‘లౌకికీకరణ’ పాఠం వచ్చిన ప్రతిసారీ తరగతి రెండుగా చీలుతుంది. “చదువు, వైద్యం, కరెంటు వచ్చాక మతం తగ్గాలి కదా మేడమ్” అని ఒకరంటారు. “మరి జాతర జాతరకూ మేడారానికి జనం ఎందుకు పెరుగుతున్నారు?” అని వెనక బెంచీ నుంచి ఇంకొకరు లేస్తారు. రెండూ మంచి ప్రశ్నలే. బాధ ఎక్కడంటే, తరగతి దాటి బయటికి వెళ్లేసరికి అవి తీర్పులైపోతాయి. మొక్కు చెల్లించేవాళ్లకు ఇంకా బుద్ధి పెరగలేదని కొందరు, మతం పోతుందన్న పండితులంతా ఓడిపోయారని మరికొందరు తేల్చేస్తారు. నేను తరచుగా వినే మాటల్ని తీసుకుని, మా శాస్త్రంలో తేలిందేమిటో, తేలనిదేమిటో చెబుతాను.

ముందుగా ఒక సవరణ. లౌకికవాదం వేరు, లౌకికీకరణ వేరు. రాజ్యం మతాలతో ఎలా మెలగాలన్న విధానం లౌకికవాదం. 1976లో 42వ సవరణతో రాజ్యాంగ పీఠికలో చేరిన మాట దానికి సంబంధించినది. సమాజంలో మతం స్థానం కాలక్రమంలో మారే తీరు లౌకికీకరణ. ఇంగ్లండ్‌లో నేటికీ రాజే అధికారిక చర్చికి అధిపతి, అయినా జనం చర్చికి దూరమయ్యారు. మన రాజ్యం లౌకిక రాజ్యం, జనం గుళ్లకు దూరం కాలేదు. ఈ రెంటినీ కలిపేస్తే తర్వాతి చర్చంతా చిక్కుపడుతుంది.

అపోహ: శాస్త్రం ఎక్కడిదాకా వస్తే అక్కడిదాకా దేవుళ్లు తప్పుకుంటారు.

వాస్తవం: పరకాల దగ్గర మా ఊళ్లో, మా నాయనమ్మ కాలంలో, మశూచిని ఎవరూ రోగమనేవారు కాదు. “అమ్మవారు పోసింది” అనేవారు. గడపకు వేపమండలు కట్టేవారు. ఇంట్లో తాలింపు పెట్టేవారు కాదు. పిల్లవాడి ఒంటి మీద వచ్చినది పోచమ్మ తల్లే కాబట్టి ఆమెను చల్లబరచాలి, విసుగు పుట్టించకూడదు. తర్వాత టీకాలు వచ్చాయి. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో నమోదైంది. 1980లో ప్రపంచం మొత్తం మీద ఆ వ్యాధి లేకుండా పోయిందని ప్రకటించారు.

మతమంటే తెలియని దానికి చెప్పుకునే కారణం మాత్రమే అయితే, ఆ ఏడాదికో, ఆ తర్వాతి పదేళ్లకో పోచమ్మ గుడి పాడుబడాలి. ఇప్పుడు వెళ్లి చూడండి. వేపచెట్టు కింద మూడు రాళ్లుగా ఉన్న చోట గ్రానైట్ గద్దె, టైల్స్ గోడ, ఇనుప గేటు ఉన్నాయి. చందా ఇచ్చినవాళ్ల పేర్లు చెక్కిన ఫలకంలో సగం మంది గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లు. శ్రావణంలో బోనాలు నా చిన్నప్పటికంటే ఎక్కువే లేస్తున్నాయి.

అయితే ఇక్కడే ఆగిపోతే సగమే చూసినట్టు. మూడేళ్ల క్రితం అదే ఊళ్లో ఒక తల్లితో మాట్లాడాను. పాపకు ఆటలమ్మ వచ్చింది. మొదటి రోజే పరకాలకు తీసుకెళ్లి డాక్టరుకు చూపించింది. ఇంటికి వచ్చాక మంచం మీద వేపాకు పరిచింది. తగ్గాక పోచమ్మకు బోనం చేసింది. మరి తగ్గించింది ఎవరని అడిగాను. “మందు డాక్టరు ఇచ్చాడమ్మా. చల్లగా చూసింది తల్లి” అంది. ఆ జవాబులో ఆమెకు ఏ తడబాటూ లేదు. మా నాయనమ్మ అయితే ఆ రెండు పనులనూ విడదీసి ఉండేది కాదు. ఆమెకు వైద్యమూ పోచమ్మ చేతిలోనే ఉండేది.

1994లో హొసే కాసనోవా అనే పండితుడు ఈ చిక్కునే విప్పాడు. లౌకికీకరణ పేరుతో మనం మూడు వేర్వేరు మాటలు కలిపేస్తున్నామన్నాడు. వైద్యం, చదువు, న్యాయం, పాలన మతం చేతిలోంచి విడిపోవడం ఒకటి. నమ్మకం, ఆచారం తగ్గిపోవడం రెండోది. మతం వీధి వదిలి ఇంట్లోకి, మనసులోకి ముడుచుకుపోవడం మూడోది. ఒకటి జరిగితే మిగతా రెండూ జరిగి తీరాలన్న నియమమేమీ లేదు. మా ఊరికి పెట్టి చూస్తే మొదటిది చాలావరకు జరిగింది, రెండోది జరగలేదు, మూడోది తలకిందులైంది. డీజే పెట్టెలు, ఫ్లెక్సీలతో పండుగ మునుపటికంటే వీధిలోకే వచ్చింది.

అపోహ: పాత పండితులంతా మతం చచ్చిపోతుందని జోస్యం చెప్పారు.

వాస్తవం: అంత సూటిగా చెప్పినవాళ్లు తక్కువ. మనిషి ఆలోచన దైవ దశ దాటి శాస్త్ర దశకు చేరుతుందన్న ఆగస్ట్ కామ్టే చివరికి తానే ‘మానవతా మతం’ స్థాపించాడు. మత రూపాలు మారతాయి గానీ సమాజం తన్ను తాను పూజించుకునే అవసరం పోదన్నాడు 1912లో ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త దుర్ఖైమ్. బతుకమ్మ చుట్టూ వాడంతా తిరుగుతుంటే చూసినవాళ్లకు ఆ మాట అర్థం చేసుకోవడానికి పుస్తకం అక్కర్లేదు.

మాక్స్ వెబర్ మాట మరీ సున్నితం. లోకం నుంచి మాయ తొలగిపోతోందని 1917 నాటి ఉపన్యాసంలో అన్నాడు. దానికి ఆయన ఇచ్చిన ఉదాహరణ ట్రామ్ బండి. ఎక్కినవాడికి అది ఎలా కదులుతుందో తెలియదు, కానీ తెలుసుకోదలిస్తే తెలుసుకోవచ్చని అతనికి తెలుసు. లెక్కకు అందని మర్మ శక్తులేవీ దాని వెనక లేవన్న ధీమా అది. మన చేతిలోని ఫోను పట్ల మనకున్నది అదే ధీమా. అదే ఫోను కొన్న రోజు దానికి కుంకుమ బొట్టు పెట్టేవాళ్లూ మనలో ఉన్నారు.

సూటిగా జోస్యం చెప్పినవాడు పీటర్ బెర్గర్. 21వ శతాబ్దం వచ్చేసరికి విశ్వాసులు చిన్న చిన్న గుంపులుగా మాత్రమే మిగులుతారని 1968లో అన్నాడు. ముప్పై ఏళ్ల తర్వాత, 1999లో, తాను పొరబడ్డానని, లోకం ఎప్పటిలాగే మతంతో నిండి ఉందని రాశాడు. ఒక పండితుడు ఏళ్ల తరబడి నిలబెట్టుకున్న మాటను అచ్చులో వెనక్కి తీసుకోవడాన్ని నేను చాలా గౌరవిస్తాను. విద్యార్థులకు ప్రతి ఏడాదీ ఆ రెండు రచనలనూ పక్కపక్కన పెట్టి చదివిస్తాను.

అపోహ: మేడారం జనసందోహం పాతకాలపు నమ్మకాలకు, వెనుకబాటుతనానికి గుర్తు.

వాస్తవం: అన్ని అపోహల్లోకీ నన్ను ఎక్కువగా నొప్పించేది ఇదే. లక్షల మంది మేడారం చేరేలా చేసినవి ఆధునిక వస్తువులే. ఒకప్పుడు అడవి దారిలో ఎడ్లబండ్ల మీద రోజుల తరబడి వెళ్లిన జాతర అది. రోడ్డు పడింది, 1996లో రాష్ట్ర పండుగ అయింది, ఆర్టీసీ వేల బస్సులు నడిపింది, టీవీలు చూపించాయి. రాలేనివాళ్లకు ప్రసాదం పార్సిలులో ఇంటికి వస్తోంది.

ఆ మధ్య జాతరకు పదిహేను రోజుల ముందు వరంగల్‌లో ఒక బెల్లం కొట్టు దగ్గర నిలబడి ఉన్నాను. నిలువెత్తు బంగారం మొక్కు కోసం జనం వరుసలో ఉన్నారు. తల్లులకు సమర్పించే బెల్లాన్ని బంగారం అనే అంటారు, మనిషి ఎంత తూగితే అంత ఇవ్వాలి. ఒకావిడ కొడుకు ఐర్లాండ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఆమె వీడియో కాల్ కలిపి, “ఎంత తూగుతున్నావు బిడ్డా?” అని అడిగింది. అతను తన గదిలో బరువు చూసే యంత్రం ఎక్కి, ఫోను కిందికి వంచి అంకె చూపించాడు. డెబ్బై నాలుగు. కొట్టు యజమాని ఎలక్ట్రానిక్ కాటా మీద బెల్లం ముద్దలు పేరుస్తూ డెబ్బై నాలుగు దగ్గర ఆపాడు. ఆమె తెరలోని కొడుకు ముఖాన్ని ఒకసారి పరికించి, “డెబ్బై అయిదు పెట్టన్నా” అంది. ఇందులో ఏది పాతది, ఏది కొత్తది? వెనుకబాటుతనం అన్న మాట ఆమెకు ఎక్కడ అతుకుతుంది?

దీని అర్థం జాతరలో ఏమీ మారలేదని కాదు. నేను విద్యార్థులను చూడమనేది జనం లెక్కను కాదు, ఎవరి మాట చెల్లుతోందన్న దాన్ని. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో తెచ్చే హక్కు ఇప్పటికీ కోయ పూజారులదే. గుట్ట దిగేటప్పుడు జిల్లా ఎస్పీ గాలిలోకి కాల్పులు జరిపి ప్రభుత్వ వందనం చేస్తారు. మరోపక్క గద్దెల దగ్గర క్యూలు, హుండీల లెక్క, బస్సుల వేళలు అధికారుల చేతిలో ఉంటాయి. పెద్ద గుళ్లలో ఇది ఇంకా స్పష్టం. 1987 నాటి దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కులను రద్దు చేసింది, పాలన కార్యనిర్వహణాధికారి చేతికి వెళ్లింది. చాలా పడమటి దేశాల్లో రాజ్యం మతం నుంచి పక్కకు తప్పుకుంటే, ఇక్కడ మతానికి నిర్వాహకురాలైంది. యూరప్ అనుభవం నుంచి పుట్టిన సిద్ధాంతంలో ఈ మలుపుకు చోటు లేదు.

అపోహ: బెర్గరే వెనక్కి తగ్గాడు కాబట్టి లౌకికీకరణ సిద్ధాంతం చచ్చిపోయింది.

వాస్తవం: చావలేదు. 1999లో రాడ్నీ స్టార్క్ అనే అమెరికా సమాజశాస్త్రవేత్త దానికి సంతాప వ్యాసం లాంటిదే రాశాడు. ఆ తర్వాత వచ్చిన లెక్కలు ఆయన మాటను నిలబెట్టలేదు. ఇంగ్లండ్, వేల్స్ జనగణనలో తాము క్రైస్తవులమని చెప్పినవారు 2001లో 72 శాతం, 2021లో 46 శాతం. ఏ మతమూ లేదన్నవారు 37 శాతం. అమెరికా ఇందుకు మినహాయింపని దశాబ్దాల పాటు అందరం చెప్పుకున్నాం. అక్కడ క్రైస్తవులు 2007లో 78 శాతం ఉంటే 2023-24కు 62 శాతానికి దిగారు. తగ్గుదల ఈమధ్య కొంత నిలకడకు వచ్చింది. పరిశ్రమలు లేచిన కాలంలో చర్చిలు నిండిన దక్షిణ కొరియాలో 2015 నాటికి సగానికి పైగా, 56 శాతం మంది, తమకు మతం లేదన్నారు.

బెల్లం తూకం వేయించిన ఆ తల్లి కొడుకు ఉంటున్న ఐర్లాండ్‌నే చూడండి. 1970ల తొలినాళ్లలో అక్కడి కాథలిక్కుల్లో పదింట తొమ్మిది మంది వారం వారం చర్చికి వెళ్లేవారు. అదే దేశం 2018లో చర్చి మాట కాదని ఓటు వేసి గర్భస్రావ నిషేధాన్ని ఎత్తేసింది. ఒక తరం కాలంలో ఇంత మార్పు వచ్చిన చోటు కళ్లముందు ఉండగా సిద్ధాంతం తప్పని ఎలా అనగలం? ప్రతి సమాజమూ అదే దారిలో నడుస్తుందన్న మాట తప్పింది. కొన్ని సమాజాలు ఎందుకు నడిచాయన్న ప్రశ్న అలాగే ఉంది.

అపోహ: డబ్బు, భద్రత వస్తే మొక్కులు వాటంతటవే పోతాయి.

వాస్తవం: దీని వెనక గట్టి పరిశోధన ఉంది, అందుకే తేలిగ్గా కొట్టేయను. పిప్పా నోరిస్, రొనాల్డ్ ఇంగిల్‌హార్ట్ 2004లో అనేక దేశాల సర్వేలు పేర్చి, ఆకలి, రోగం, అకాల మరణాల భయం తగ్గిన చోట మతం పట్టు సడలుతోందని చూపారు. మన దగ్గర ఆ మాట తగిలే చోట్లు చాలా ఉన్నాయి. వాన మీద బతికే పత్తి రైతు, ఎన్నో బోరు వేయాల్సి వస్తుందోనని లెక్కపెట్టుకునే రైతు, వీసా కోసం అప్పు చేసి జగిత్యాల నుంచి గల్ఫ్‌కు వెళ్లే యువకుడు, బొగ్గుబావిలోకి దిగేముందు మైసమ్మకు దండం పెట్టుకునే సింగరేణి కార్మికుడు. భయం నిజం, మొక్కూ నిజం.

కానీ కొండగట్టు మెట్ల దగ్గర కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించేవాడికి ఆకలి భయం లేదు. నలభై ఒక్క రోజుల అయ్యప్ప దీక్షలో నల్లబట్టలతో ఆఫీసుకు వచ్చే ఇంజనీరుకూ లేదు. మద్రాసు పారిశ్రామికవేత్తలను పరిశీలించిన మిల్టన్ సింగర్ 1972లోనే చెప్పాడు: వాళ్లు ఫ్యాక్టరీని, పూజగదిని వేర్వేరు గదులుగా ఉంచుకుని రెంటిలోనూ హాయిగా తిరుగుతున్నారని. భద్రత సిద్ధాంతం పేదవాడి మొక్కును వివరించినంత బాగా ధనవంతుడి మొక్కును వివరించలేదు. వేములవాడలో కోడె మొక్కు తీర్చుకునే వరుసలో ఇద్దరూ ఉంటారు.

అపోహ: ఇక్కడ నాస్తికులే లేరు.

వాస్తవం: ఉన్నారు. ఎర్రజెండా ఇళ్లు, హేతువాద సభలు చూసిన నేల ఇది. కాకపోతే అంకెలతో జాగ్రత్త. 2011 జనగణనలో దేశమంతటా మతం చెప్పనివారు సుమారు 28.7 లక్షలు. వాళ్లంతా నాస్తికులని అర్థం కాదు. 2021లో ప్యూ అనే అమెరికా పరిశోధనా సంస్థ ప్రచురించిన సర్వేలో దేవుణ్ని నమ్ముతామన్నవారు 97 శాతం. వాళ్లంతా గుడికి వెళతారనీ అర్థం కాదు.

చివరగా తరాల సంగతి. యూరప్‌లో పెద్దవాళ్లు నడివయసులో నమ్మకం వదులుకోవడం తక్కువ, పిల్లలకు అందకపోవడం ఎక్కువ. బ్రిటన్‌లో తల్లిదండ్రులిద్దరూ మతం పాటించే ఇళ్లలో కూడా సుమారు సగం మంది పిల్లలకే అది అందుతోందని 2005లో డేవిడ్ వోయాస్, అలస్డేర్ క్రాకెట్ లెక్క కట్టారు. మన దగ్గర ఏం జరుగుతుందో తెలియాలంటే జాతర జనాన్ని కాదు, ఇంటి వంటగదిని చూడాలని నా నమ్మకం.

అందుకే ఈసారి పీజీ విద్యార్థులను సెలవుల్లో ఇంట్లో మూడు తరాల ఆడవాళ్లతో మాట్లాడి రమ్మన్నాను. ములుగు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి తెచ్చిన నోట్సు నా బల్ల మీద ఉంది. బోనం కుండకు సున్నం, పసుపు, కుంకుమ ఏ వరుసలో పెట్టాలో, ఏ పాట ఎక్కడ ఎత్తుకోవాలో వాళ్ల అవ్వకు కంఠతా వచ్చు. అమ్మకు కుండ వరకు తెలుసు, పాటలు సగమే వచ్చు. ఈ అమ్మాయి అవ్వ పాడుతుంటే ఫోనులో రికార్డు చేసింది. గురువారం చేసే బోనాలను, హైదరాబాద్‌లో పనిచేసే పిల్లలకు సెలవు దొరకదని, ఊరి పెద్దలు కూర్చుని ఆదివారానికి మార్చారట. అప్పటినుంచి ఎత్తే బోనాల సంఖ్య పెరిగింది. దీన్ని తగ్గడం అని రాయాలా, పెరగడం అని రాయాలా అని ఆమె అంచున పెన్సిలుతో అడిగింది. రెండు గడులూ గీసి, పాటలను ఒకదానిలో, బోనాల సంఖ్యను ఇంకోదానిలో రాయమన్నాను.