రోబో చెయ్యి వంగుతుంది సరే, బిగుసుకుంటుందా?

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం లోపల పైకప్పు కూలింది. నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లకు కృష్ణా నీళ్లు తీసుకుపోవాల్సిన సొరంగం అది. ముఖద్వారం నుంచి సుమారు 14 కిలోమీటర్ల లోపల 8 మంది చిక్కుకుపోయారు. ఊట నీరు, బురద, నుజ్జయిన బోరింగ్ మిషన్ ఇనుము కలిసి దారి మూసేశాయి. ఉత్తరాఖండ్ సిల్‌క్యారా సొరంగంలో చిక్కిన కూలీలను తీసి పేరు తెచ్చుకున్న, చేత్తో సన్నటి దారి తవ్వే ర్యాట్ మైనర్లు వచ్చారు. కేరళ పోలీసు కుక్కలు వచ్చాయి. మార్చిలో హైదరాబాద్ నుంచి రోబోలనూ దించారు. ఏప్రిల్‌లో గాలింపు ఆపేసేనాటికి బయటికి తేగలిగింది రెండు మృతదేహాలనే.

ఇలాంటిది జరిగినప్పుడల్లా, చంద్రుడి దాకా వెళ్లిన దేశం ఒక యంత్రపు చేతిని లోపలికి పంపలేదా అని అడగనివారుండరు. 2017 జూన్‌లో చేవెళ్ల దగ్గర ఇక్కారెడ్డిగూడలో పసిపాప బోరుబావిలో పడి చనిపోయినప్పుడూ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు మాత్రం కెమెరా వాళ్ల దగ్గర కన్నా కీళ్లు తయారుచేసేవాళ్ల దగ్గర దొరుకుతుంది.

మన రాతి నేలల్లో బోరు వెడల్పు సాధారణంగా ఆరున్నర అంగుళాలు. అందులోకి దిగే చెయ్యి ఒంపుల వెంట వంగుతూ పోవాలి. అడుగుకు చేరాక మట్టిని తొయ్యాలన్నా, బరువు ఎత్తాలన్నా అదే చెయ్యి బిగుసుకుని నిలవాలి. బావిలో పడిన చేదను తీసే పాతాళ గరిగె తాడు మీద వేలాడుతుంది కాబట్టి ఎంత లోతుకైనా పోతుంది. కానీ తాడుతో లాగగలమే గాని నెట్టలేం. రోబో చేతికి ఈ రెండూ రావాలి.

పరిశ్రమకు ఈ అవసరం మొదట్లో లేదు. జార్జ్ డెవల్ 1954లో పేటెంట్‌కు దరఖాస్తు చేసిన యంత్రపు చెయ్యి, యూనిమేట్ పేరుతో 1961లో న్యూజెర్సీలోని జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలో పనికి చేరింది. కాలుతున్న లోహపు భాగాలను అచ్చుల్లోంచి తియ్యడం దాని పని. చెప్పిన చోటికి ప్రతిసారీ తేడా లేకుండా చేరడమే గొప్ప. చెయ్యి కాస్త వంగిందంటే లోపం కిందే లెక్క. డబ్బంతా బిగువైన చేతుల మీదే పెట్టారు. ఆ అలవాటు ఫ్యాక్టరీల్లో ఇప్పటికీ పోలేదు.

వంగే చెయ్యి కావాలన్నవాళ్లు అప్పుడూ లేకపోలేదు. 1968లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో మార్విన్ మిన్‌స్కీ 12 కీళ్లతో, ఆక్టోపస్ చేతిని తలపించే, ద్రవ ఒత్తిడితో కదిలే హైడ్రాలిక్ చెయ్యి చేశాడు. 1972లో టోక్యోలో షిగెయో హిరోసే పాములా పాకే యంత్రాన్ని నడిపించాడు. ఇబ్బంది బరువుతో వచ్చింది. ప్రతి కీలులో ఒక మోటారు పెడితే, మొదటి కీలు తన తర్వాతి మోటార్లన్నిటినీ మోయాలి. అందుకే తర్వాతివాళ్లు మోటార్లను చేతి మొదలు దగ్గరే ఉంచి, చేతి పొడవునా తీగలు లాగారు. అణు రియాక్టర్లలో, విమాన ఇంజిన్లలో తలదూర్చే చేతులు ఈ దారిలో వచ్చినవే. 1995లో ఎంఐటీలోనే గిల్ ప్రాట్, మాథ్యూ విలియమ్సన్ మోటారుకూ బరువుకూ మధ్య కావాలనే ఒక స్ప్రింగ్ పెట్టారు. మనుషుల పక్కన పనిచేసే రోబోలకు అది బాగా పనికొచ్చింది.

బిగించడం సంగతి వేరేచోట పెరిగింది. 1970లలో మెదడు ఆపరేషన్ల కోసం సర్జన్ గాజీ యాసర్‌గిల్ వాడుకలోకి తెచ్చిన, మెదడును పక్కకు జరిపి పట్టి ఉంచే లెయ్లా రిట్రాక్టర్‌లో గుండ్లు, గిన్నెలు వరుసగా ఉంటాయి, మధ్యలోంచి తీగ పోతుంది. తీగ వదులుగా ఉంటే ఎటైనా వంచొచ్చు, మరతిప్పి లాగితే మొత్తం బిగుసుకుంటుంది. లేత్ పని నేర్చుకున్నవాళ్లు డయల్ గేజ్ స్టాండ్‌లోనూ ఇలాంటి ఏర్పాటే చూసి ఉంటారు: ఒక్క నాబ్ తిప్పితే కీళ్లన్నీ ఒకేసారి ఆగిపోతాయి.

మరి దీన్నే పెద్దది చేసి బోరులోకి దించకూడదా? కాస్త లెక్క వేద్దాం. చెయ్యి అడ్డంగా 2 మీటర్లు చాచి, చివర 10 కిలోలు పట్టుకుందనుకోండి. మొదటి కీలు మీద సుమారు 200 న్యూటన్ మీటర్ల మెలి పడుతుంది. ఆ కీలులో గుండు అడ్డకొలత 5 సెంటీమీటర్లై, ఘర్షణ గుణకం (రాపిడి ఎంత పట్టు ఇస్తుందో చెప్పే అంకె) 0.2 అయితే, అది జారకుండా ఉండాలంటే తీగను దాదాపు 4 టన్నుల బలంతో లాగాలి. చేతి సొంత బరువు ఇందులో ఇంకా కలపనే లేదు. మెదడును మెల్లగా పక్కకు జరిపి ఉంచే పనికి ఈ బెడద లేదు. అంతరిక్షంలోనూ తక్కువే. 2024 డిసెంబర్ 30న ఇస్రో పంపిన పోయెమ్-4 అనే అంతరిక్ష ప్రయోగ వేదిక మీద ఒక నడిచే రోబో చెయ్యి ఉంది. అక్కడ దాని కీళ్లను బరువు కిందికి లాగదు. కాబట్టి చంద్రుడితో పోలిక ఇక్కడ పనికిరాదు.

2010లో అమెరికా పరిశోధకులు ఒక చవకైన ఉపాయం చూపించారు. రబ్బరు బెలూన్‌లో కాఫీ పొడి నింపారు. గాలి ఉంటే అది మెత్తగా వస్తువును చుట్టుకుంటుంది, గాలి లాగేస్తే పలుకులు ఒకదానికొకటి పట్టేసి రాయిలా బిగుస్తాయి. 2012లో ఎంఐటీ బృందం ఈ పద్ధతితో మొత్తం చేతినే చేసింది. మరుసటి ఏడాది పొడికి బదులు పలుచటి పొరలతో సర్జరీకి సన్నటి గొట్టం వచ్చింది. నాకు వీటిలో ఇదే ఎక్కువ ఆశ పుట్టించే దారి. అయినా గాలి లాగి తెచ్చే ఒత్తిడికి హద్దుంది: చదరపు సెంటీమీటరుకు కిలో, అంతకు మించదు. పైగా విరిగిన ఇనుము నిండిన బురదలో రబ్బరు తొడుగుకు చిన్న చిల్లు పడితే చెయ్యి మళ్లీ మెత్తబడిపోతుంది. 62 డిగ్రీల దగ్గరే కరిగే ఫీల్డ్స్ మెటల్ అనే మిశ్రమలోహాన్ని కీలులో పోసి, చల్లార్చి బిగించే పద్ధతీ ఉంది. గట్టిగానే పడుతుంది, కానీ ప్రతి కదలికకూ కరిగించి మళ్లీ గడ్డకట్టే దాకా కాచుకోవాలి.

డబ్బున్నచోట కూడా పని సులువుగా కాలేదు. జపాన్‌లో ప్రమాదానికి గురైన ఫుకుషిమా అణుకేంద్రం రెండో రియాక్టర్‌లోకి పంపాలని 22 మీటర్ల రోబో చెయ్యి తయారుచేస్తూ ఏళ్లు గడిపారు. చివరికి 2024 నవంబర్‌లో కరిగి గడ్డకట్టిన అణు ఇంధన శిథిలాన్ని తొలిసారి తెచ్చింది ఒకదానిలోంచి ఒకటి సాగే గొట్టాల పరికరం. తెచ్చింది గ్రాము కన్నా తక్కువ.

మన బోరుకు చెయ్యి చేసేవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది కరెంటు పోతే కీలు ఏం చెయ్యాలన్నది. ఫ్యాక్టరీ రోబోల్లో కరెంటు ఉన్నంతసేపే బ్రేకు వదులుగా ఉంటుంది. పోగానే స్ప్రింగ్ పట్టేస్తుంది, చెయ్యి ఎక్కడిదక్కడ ఆగుతుంది. అక్కడ అది క్షేమం. బోరులో వంగి ఉండగా బిగుసుకుపోతే చేతిని పైకి లాగలేం, బిడ్డకు పోయే గాలి దారికీ అదే అడ్డం. వదులైపోతే పట్టుకున్న బరువు జారుతుంది. స్ప్రింగుతోనే బిగించి, పైనుంచి చేత్తో లాగి ఒక్కో కీలునూ వదిలించే తీగ విడిగా పెట్టడం మేలని నా అభిప్రాయం. ఆ తీగకూ, ఆక్సిజన్ గొట్టానికీ, కెమెరా వైరుకూ కలిపి ఉన్నది ఆ ఆరున్నర అంగుళాలే.