ఉప్పు చారులో పడకముందే

"విషరసాయనాలను, వ్యర్థాలను శుద్ధి చేసుకోవడానికి వర్ధమాన దేశాలకు సొంత డబ్బెక్కడిది?" అని ఒక పాఠకుడు అడిగారు. ఎంత డబ్బు అన్నదానికన్నా, దాన్ని ఏ దశలో వసూలు చేస్తున్నాం అన్నదే అసలు ప్రశ్న. జవాబు గాఢతలో, అంటే మొత్తం సరుకులో ఆ పదార్థం ఎంత వంతు ఉందన్నదానిలో ఉంది.

ఉప్పు డబ్బాలో ఉన్నంతసేపు చెంచాతో తీసి పక్కన పెట్టొచ్చు. చారులో కరిగాక తీయాలంటే గిన్నెడు చారూ ఇగిరిపోయేదాకా మరిగించాల్సిందే. గ్యాసంతా నీళ్లకే ఖర్చు, ఉప్పుకు కాదు. అదే ఉప్పు చెరువులో పడితే చెరువంతా మరిగించాలి! 1959లో థామస్ షేర్‌వుడ్ అనే కెమికల్ ఇంజనీరు లోహాల ధరలనూ ఖనిజంలో వాటి గాఢతనూ లాగరిథమ్ స్కేళ్ల మీద (ఒక్కో మెట్టుకు పదిరెట్లు పెరిగే కొలతల మీద) గీస్తే దాదాపు సరళరేఖ వచ్చింది, వాలు సుమారు మైనస్ ఒకటి. గాఢత పదో వంతుకు పడితే కిలో ధర పదిరెట్లు. నిజానికి ఎంట్రోపీ (కలగలిసిపోవడానికి కొలత) ప్రకారం చూస్తే, గాఢత తగ్గేకొద్దీ వేరుచేయడానికి కావలసిన కనీస శక్తి లాగరిథమ్ లెక్కన మెల్లగానే పెరుగుతుంది. జేబు ఖాళీ చేసేది ఆ శక్తి కాదు, పనికిరాని సరుకును తవ్వి, మోసి, వేడిచేయడం. బడిలో గాఢతను మార్కుల లెక్కగా చెప్పి వదిలేస్తారు. అది రూపాయల లెక్క అని చూపిస్తే పిల్లలు జన్మలో మరచిపోరు.

భోపాల్‌నే చూడండి. యూనియన్ కార్బైడ్ ఆవరణలో మిగిలిన 337 టన్నుల వ్యర్థాలను 2025లో మధ్యప్రదేశ్‌లోనే ఉన్న పీథంపూర్‌లో కాల్చారు. మట్టి, సెవిన్ అనే పురుగుమందు అవశేషాలు, దాని తయారీలో వాడే నాఫ్థాల్ కలగలిసిన సరుకు అది. ఆమ్ల వాయువులను పట్టేందుకు సున్నం వగైరా కలపడంతో, చివరికి బూడిద, ఇతర అవశేషాలు 850 టన్నులు దాటాయి. కేంద్రం కేటాయించింది 126 కోట్లు, అంటే కిలోకు 3,700 రూపాయల పైనే. భూగర్భజలంలోకి దిగిన విషం ఈ లెక్కలో లేదు.

అందుకే రుసుము డబ్బా దగ్గరే వేయాలి, ఫ్యాక్టరీ గేటులో, ఓడరేవులో. అక్కడ చెల్లించేవాళ్లు కొద్దిమందే, సరుకు లెక్కా స్పష్టం. ఘనా 2016లో చట్టం చేసి ఎలక్ట్రానిక్ పరికరాల దిగుమతిదారుల మీద, తయారీదారుల మీద లెవీ వేసింది. ఆ సొమ్ముకు ప్రత్యేక నిధినీ అదే చట్టంలో పెట్టింది. మూల రసాయనాల (మిగతా రసాయనాల తయారీకి ముడిసరుకైనవాటి) విలువ మీద 0.5 శాతం రుసుము వేస్తే ప్రపంచం మొత్తంమీద ఏటా 1,150 కోట్ల డాలర్లు వస్తాయని 2020లో ఒక ప్రతిపాదన లెక్కగట్టింది.

ప్రత్యేక నిధి అనవసరం అనుకునేవాళ్లు మన బొగ్గు సెస్సును గుర్తుచేసుకోవాలి. శుద్ధ ఇంధనం కోసమని 2010లో టన్నుకు 50 రూపాయలతో మొదలై 2016కల్లా 400 అయింది. 2017లో జీఎస్టీ పరిహార సెస్సు దాని స్థానంలోకి వచ్చింది. ఆ డబ్బు రాష్ట్రాల ఆదాయ లోటు పూడ్చడానికి మళ్లింది.