శూన్యానికి దిక్కు ఉందా?

దూరపు గెలాక్సీ నుంచి బయల్దేరిన కాంతి వందల కోట్ల ఏళ్లు నడిచి మన టెలిస్కోపుకి చేరుతుంది. దారిలో ఏదీ అడ్డు రాకపోయినా, ఖాళీ స్థలమే దాన్ని కొంచెం మెలితిప్పితే?

ఐన్‌స్టీన్ లెక్క ప్రకారం అలా జరగకూడదు. ఏ దిక్కుకి తిరిగి ప్రయోగం చేసినా, ఎంత స్థిరవేగంతో కదులుతూ చేసినా, ప్రకృతి నియమాలు ఒక్కటే. దీని పేరు లోరెంజ్ సౌష్ఠవం. 1990లో షాన్ కారల్, జార్జ్ ఫీల్డ్, రోమన్ జాకివ్ అనే శాస్త్రవేత్తలు లెక్కలో దీన్ని కావాలనే విరిచి చూశారు. మాక్స్‌వెల్ విద్యుదయస్కాంత సిద్ధాంతపు లెక్కలో ఒక కొత్త పదం (term) కలిపారు. అందులో దేశకాలమంతటా ఒకే వైపు చూపే బాణం ఒకటి ఉంటుంది.

చిక్కేమిటంటే మాక్స్‌వెల్‌ది గేజ్ సిద్ధాంతం, అంటే కొలత ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో మన ఇష్టానికి వదిలేసే సిద్ధాంతం. మెట్ల ఎత్తుని సముద్రమట్టం నుంచి కొలిచినా, మన గడప నుంచి కొలిచినా మెట్టుకీ మెట్టుకీ తేడా మారదు కదా. విద్యుత్, అయస్కాంత క్షేత్రాలని లెక్కగట్టడానికి వాడే పొటెన్షియల్ అనే రాశి సంగతీ దాదాపు అంతే. కొత్త పదం ఈ స్వేచ్ఛని చెడగొట్టొచ్చు, కానీ బాణం అంతటా ఒకేలా ఉంటే దీనికి దెబ్బ తగలదు. లోరెంజ్ సౌష్ఠవం విరిగినా ఈ గేజ్ సౌష్ఠవం చెక్కుచెదరదు. నాకు ఇందులో అన్నిటికన్నా అందంగా తోచేది ఇదే.

ఫలితం మాత్రం కొలవదగ్గది. కుడివైపు తిరిగే కాంతి, ఎడమవైపు తిరిగే కాంతి వేర్వేరు వేగాలతో నడుస్తాయి. దాంతో కాంతి ధ్రువణ తలం, అంటే కాంతి తరంగం ఊగే తలం, దారి పొడవునా మెల్లగా తిరుగుతుంది. దారిలోని అయస్కాంత క్షేత్రాలూ దాన్ని తిప్పుతాయి, కానీ ఆ తిప్పుడు తరంగదైర్ఘ్యం వర్గాన్ని బట్టి మారుతుంది. బాణం తిప్పే తిప్పుడు అన్ని తరంగదైర్ఘ్యాలకీ ఒక్కటే. అందుకే రెంటినీ విడదీయొచ్చు. ఆ ముగ్గురూ రేడియో గెలాక్సీల కొలతలు చూశారు, మెలిక కనిపించలేదు. 1997లో నాడ్‌లాండ్, రాల్‌స్టన్ కనిపించిందన్నారు కానీ, మెరుగైన కొలతల ముందు అది నిలవలేదు.

2020లో మినామి, కోమత్సు ప్లాంక్ ఉపగ్రహపు డేటాలో విశ్వపు తొలి కాంతి 0.35 డిగ్రీలు తిరిగినట్టు సూచన చూశారు. కొలతలో అనిశ్చితి అటూ ఇటూ 0.14 డిగ్రీలు, కాబట్టి ఇంకా రుజువైనట్టు కాదు. నిజమే అయినా కారణం స్థిరమైన బాణమే కానక్కర్లేదు, నెమ్మదిగా మారే క్షేత్రమైనా కావొచ్చు. అసలు పరికరమే అంత వంకరగా బిగిసి ఉంటే? దానికి వాళ్ల ఉపాయం చక్కగా ఉంది. మన పాలపుంత ధూళి వెలుగు ఎంతో దూరం నడవలేదు కనుక, అందులో కనిపించే వంకరంతా పరికరానిదే.