స్టోపేరా: నిరసన నినాదమే భవనం పేరైన వైనం

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆమ్‌స్టెల్ నది ఒడ్డున, నదివైపు వంపు తిరిగిన ముఖభాగంతో నిలిచిన ఒపేరా, బాలే భవనాన్ని నగరవాసులు 'స్టోపేరా' అని పిలుస్తారు. నగరపాలక భవనానికి డచ్ మాట 'స్టాట్‌హౌస్'. ఆ రెండూ ఒకే కట్టడంలో ఉన్నాయి కనుక ఆ మాటనూ ఒపేరానూ కలిపి కుదించిన పేరు ఇదని చెబుతారు, అది నిజమే. అయితే 'ఒపేరాను ఆపండి' అంటూ వీధికెక్కినవారి నినాదం కూడా ఆ పేరులోనే ఉంది. సుమారు 1600 మంది పట్టే ఆ ప్రేక్షకశాలకు వెళ్లేవారు దాని వెనుక కథ తెలుసుకోవాలి.

నగరపాలక సంస్థకు సరైన ఇల్లు లేని పరిస్థితి 1808లో మొదలైంది. డామ్ కూడలిలోని 17వ శతాబ్దపు నగర భవనాన్ని ఆ ఏడాది రాజు లూయీ నెపోలియన్ తన రాజభవనంగా మార్చుకున్నాడు. కొత్త భవనం కోసం జరిపిన పోటీలో 1968లో ఆస్ట్రియా వాస్తుశిల్పి విల్‌హెల్మ్ హోల్ట్స్‌బావర్ నమూనా గెలిచినా, డబ్బు సమకూరక అది కాగితం మీదే ఉండిపోయింది. ఒపేరా, బాలే బృందాలు కూడా పాత నగర నాటకశాలలోనే సర్దుకుపోతున్నాయి. రెండింటినీ కలిపి కట్టవచ్చునని 1979లో హోల్ట్స్‌బావర్ చేసిన సూచన పాలకులకు నచ్చింది. డచ్ వాస్తుశిల్పి కేస్ డామ్ ఆయనతో కలిసి పనిచేశాడు.

గొడవంతా స్థలం దగ్గర వచ్చింది. వాటర్లూప్లైన్ అనే ఆ ప్రాంతం తరతరాలుగా యూదుల వాడ, పాత సామాన్ల సంతకు పేరున్న చోటు. 1941 ఫిబ్రవరిలో అక్కడికి కూతవేటు దూరంలోని కూడలిలో నాజీలు నాలుగు వందల మందికి పైగా యూదు పురుషులను పట్టుకుపోయారు. ఆ తర్వాతి రెండేళ్లలో వాడ మొత్తం ఖాళీ అయింది. 1944-45 చలికాలంలో తిండికీ వంటచెరకుకూ అల్లాడిన నగర జనం ఆ ఖాళీ ఇళ్ల దూలాలు, మెట్లు, తలుపులు పీకి పొయ్యిలో పెట్టుకోవడంతో గోడలు కూలిపోయాయి. యుద్ధం తర్వాత పాలకులు ఆ శిథిలాలలో వెడల్పాటి రహదారికీ మెట్రోకూ వీలైన స్థలాన్ని చూశారు. మెట్రో కోసం పక్కనే ఉన్న న్యూమార్క్ట్ ప్రాంతంలో ఇళ్లు పడగొట్టినప్పుడు 1975లో పోలీసులకూ స్థానికులకూ మధ్య పెద్ద ఘర్షణలు జరిగాయి. మెట్రో ఆగలేదు గాని రహదారి ఆలోచనను విరమించుకున్నారు.

అదే నేల మీద ఒపేరా కడతామని పాలకులు ప్రకటించింది ఈ పరిస్థితిలోనే. ఇళ్లు దొరక్క యువత ఖాళీ భవనాలను ఆక్రమించుకుని ఉంటున్న రోజులవి. ఇళ్లకు లేని డబ్బు ఒపేరాకు ఎక్కడిదని వారు అడిగారు. 1982 వేసవిలో ఒక ప్రదర్శన అదుపు తప్పి, నిర్మాణ స్థలంలోని యంత్రాలు ధ్వంసమయ్యాయి. ఆ విధ్వంసాన్ని సమర్థించలేం. కానీ ఒకే వాడను మళ్లీ మళ్లీ ఖాళీ చేయించడం చూసినవారి ఆగ్రహాన్ని కళాద్వేషమని కొట్టిపారేయడం అన్యాయమని నా అభిప్రాయం.

ఒపేరా, బాలే భాగం 1986 సెప్టెంబరులో, నగరపాలక భాగం 1988లో పూర్తయ్యాయి. తాత్కాలికంగా తరలించిన పాత సామాన్ల సంత కూడా 1988లోనే తిరిగి వచ్చి, నేటికీ ఆ గోడల పక్కనే సాగుతోంది. రెండు భాగాల మధ్య నడవలో గాజు గొట్టాలలో నీళ్లు నిలిపి సముద్రమట్టం చూపిస్తారు. వాటిలో ఒకటి 1800 మందికి పైగా ప్రాణాలు తీసిన 1953 నాటి ఉప్పెన నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో చూపుతూ, చూసేవారి తలకు చాలా పైన ముగుస్తుంది. నది మలుపులో, 1988లోనే నెలకొల్పిన నల్లరాతి స్తంభం యూదుల ప్రతిఘటనకు స్మారకం.

బయట నదివైపు కాలిబాట మీద మరో గుర్తు ఉంది. ఒకప్పుడు అక్కడ యూదు బాలుర అనాథాశ్రమం ఉండేది. 1943లో ఆ పిల్లలను సోబిబోర్ నిర్మూలన శిబిరానికి తరలించారు. యుద్ధానంతరం కూల్చివేసిన ఆ ఇంటి గోడలు ఎక్కడ ఉండేవో నేల మీద రాళ్ల వరుసతో గుర్తించారు. ప్రదర్శనకు వేళ మించిపోతున్నదని వడివడిగా నడిచేవారు ఆ వరుసను గమనించకుండానే దాటిపోతారు.