సీఎఫ్‌ఓపీ ఒక్కటే దారా? క్యూబ్ మెథడ్లపై అపోహలు - వాస్తవాలు

రూబిక్స్ క్యూబ్ నేర్పుతుంటే పిల్లల దగ్గరా, వాళ్ల అమ్మానాన్నల దగ్గరా కొన్ని మాటలు పదే పదే వినిపిస్తాయి. వాటి వల్ల మంచి మెథడ్లను చాలామంది కనీసం ముట్టుకోకుండానే వదిలేస్తున్నారు. నా బాధంతా అదే.

అపోహ: స్పీడ్ కావాలంటే సీఎఫ్‌ఓపీ తప్ప గతి లేదు.

సీఎఫ్‌ఓపీ అంటే అడుగున ప్లస్ గుర్తు వేసి, పొర తర్వాత పొరగా పూర్తి చేసే మెథడ్. ఎక్కువమంది వాడేది అదే, 3×3 రికార్డుల్లో ఎక్కువ భాగం దానివే. కాదనను. కానీ 1982లో బుడాపెస్ట్ ప్రపంచ పోటీలో 22.95 సెకన్లతో గెలిచిన మిన్ థాయ్ ముందు మూలలన్నీ పెట్టి, ఆ తర్వాతే ఎడ్జ్‌ల (మూలల మధ్య ఉండే రెండు రంగుల ముక్కల) జోలికి వెళ్లాడు. ఒంటిచేత్తో చేసే విభాగంలో సగటు ప్రపంచ రికార్డు సాధించిన ఫిలిప్పీన్స్ కుర్రాడు షాన్ ప్యాట్రిక్ విలనువేవాది రూ మెథడ్. 2003లో ఫ్రాన్స్‌కు చెందిన గిల్ రూ తయారుచేశాడు దాన్ని.

అపోహ: ఎన్ని ఫార్ములాలు (వరసగా తిప్పాల్సిన మూవ్‌లు) బట్టీ పడితే అంత ఫాస్ట్.

ఈ అపోహే అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేస్తోంది. సీఎఫ్‌ఓపీలో చివరి లేయర్‌కు పూర్తి సెట్ 78 ఫార్ములాలు: పై రంగు సరిచేసే 57 ఓఎల్‌ఎల్, ముక్కల చోటు సరిచేసే 21 పీఎల్‌ఎల్. రూలో 42తో సరిపోతుంది, మొదట్లో అయితే 9 చాలు. మిగతాదంతా చూసి ఆలోచించి చేసేదే. ఎడమవైపు 1×2×3 బ్లాక్ ఒకటి కడతారు, కుడివైపు అలాంటిదే ఇంకొకటి. పై నాలుగు మూలలకు ఒక ఫార్ములా. ఇక మిగిలేది ఆరు ఎడ్జ్‌లు, వాటితో పాటు సెంటర్లు (ముఖాల నడుమ ఉండే ముక్కలు). వీటిని మధ్య పొరా పై పొరా మాత్రమే తిప్పుతూ పూర్తి చేస్తారు. అలవాటైనవాళ్ల చేతులు గమనించండి: ఎడమ ఉంగరం వేలితో మధ్య పొరను అడుగు నుంచి తమవైపు లాగి, వెంటనే నడిమి వేలితో ఇంకోసారి లాగేస్తారు. క్యూబ్‌ను మొత్తంగా అటూ ఇటూ తిప్పాల్సిన అవసరం దాదాపు ఉండదు, మూవ్‌లు కూడా సీఎఫ్‌ఓపీ కంటే తక్కువే పడతాయి.

అపోహ: జెడ్‌జెడ్, పెట్రస్ మెథడ్లు పాతబడిపోయాయి.

పోటీల్లో తక్కువగా కనిపిస్తాయి, అంతే. స్వీడన్‌కు చెందిన లార్స్ పెట్రస్ 1980ల మొదట్లో చూపిన దారి 2×2×2 ముక్కతో మొదలై 2×2×3 అవుతుంది. అతి తక్కువ మూవ్‌ల విభాగంలో టైమ్ ఒక గంట, కాగితం మీద జవాబు రాయాలి. అక్కడ ఈ బ్లాక్ కట్టే ఆలోచన ఇప్పటికీ ప్రాణం. 2006లో వచ్చిన జెడ్‌జెడ్‌లో ముందే 12 ఎడ్జ్‌ల దిశ సరిచేస్తారు. ఆ తర్వాత ముందు, వెనక ముఖాలను తిప్పే పనే ఉండదు.

అపోహ: ఏ క్యూబైనా 20 మూవ్‌లలో అయిపోతుంది, కాబట్టి అసలైన మెథడ్ ఇంకెక్కడో దాగి ఉంది.

20 చాలని 2010లో కంప్యూటర్లతో నిరూపించారు, నిజమే. ఆ దారి వెతికేది కంప్యూటర్. పోటీలో తిప్పకముందు క్యూబ్ చూసుకోవడానికి ఇచ్చే 15 సెకన్ల ఇన్‌స్పెక్షన్‌లో మనిషి కంటికి దొరికేది కాదు.

అపోహ: మధ్యలో మెథడ్ మారిస్తే పాతది మర్చిపోతారు.

మర్చిపోరు. కొన్నాళ్లు వేగం తగ్గుతుంది, పిల్లలు టెన్షన్ పడతారు. అందుకే పోటీ దగ్గర పడ్డప్పుడు మార్చవద్దంటాను. సెలవుల్లో అయితే టైమర్ పక్కన పెట్టి, రూలో మొదటి బ్లాక్ మాత్రమే కట్టించండి. క్యూబ్ చేతిలో పెట్టి, తిప్పకముందే బ్లాక్ ఎలా వస్తుందో నోటితో చెప్పమనండి. అది చెప్పగలిగే రోజున రెండో బ్లాక్ మొదలుపెట్టవచ్చు.