విమానంలో గిటార్: అపోహలు – వాస్తవాలు

సెలవులకు గోవాకో, సింగపూర్‌కో, డాలస్‌లో ఉన్న అక్కయ్యవాళ్లింటికో బయల్దేరుతూ గిటార్ కూడా తీసుకెళ్దామనుకునేవాళ్లు సర్వీసింగ్ బల్ల దగ్గరికొచ్చి ముందు అడిగేది ఒకటే: "తీగలు వదులు చెయ్యాలా?" అడగాల్సింది మాత్రం "పెట్టెలో గిటార్ తల (ట్యూనర్లుండే చివర) కింద ఏం పెట్టాలి?" అని. గిటార్‌ని విరగ్గొట్టేది ఆకాశం కాదు. నేలమీద మూడు నాలుగడుగుల ఎత్తు నుంచి పడే ఒక్క దెబ్బ, టార్మాక్ మీద, అంటే విమానాలు ఆగే చోట, ఒక అరగంట ఎండ. మిగతా భయాలన్నీ వీటి తర్వాతే.

అపోహ: లగేజీ పెట్టే చోట గాలి ఉండదు. ఆ పీడనానికి తీగలు తెగుతాయి, బాడీ పగులుతుంది.

విమానం ఒడలు గుండ్రటి గొట్టం. కూర్చునే నేలకు పైనా కిందా ఉండేది ఒకే పీడనం. 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఎంత ఉంటుందో సుమారు అంతే. ఊటీకి కారులో తీసుకెళ్లిన గిటార్ పగలనట్టే ఇదీ పగలదు. పైగా సౌండ్‌హోల్ తెరిచే ఉంటుంది కదా, గాలి ఎటు కావాలంటే అటు పోతుంది.

కింద కొంచెం చలిగా ఉండొచ్చు. దానివల్ల వచ్చే చిక్కు దిగాక మొదలవుతుంది. డిసెంబరులో షికాగోలో బెల్టు మీంచి తీసిన పెట్టెని వెచ్చటి గదిలోకి తెచ్చి వెంటనే తెరిస్తే, చెక్క ఇంకా చల్లగానే ఉంటుంది, పైనున్న పాలిష్ గబుక్కున వేడెక్కుతుంది. పాత గిటార్లకూ, ఖరీదైన కొన్ని కొత్తవాటికీ వేసే నైట్రోసెల్యులోజ్ లాకర్ ఆ తేడాకి సాలెగూడులా సన్నటి చీలికలు వేస్తుంది. పెట్టె మూత తియ్యకుండా నాలుగైదు గంటలు గదిలో ఉంచండి చాలు. పాలియురెథేన్ పూతకు ఈ బెడద చాలా తక్కువ.

మన ఊళ్లలో అసలు శత్రువు ఎండ. బ్రిడ్జిని (బాడీ మీద తీగల కొసలు పట్టే చెక్క), బ్రేసులని (లోపలి ఆసరా పట్టీలు) పట్టుకుని ఉండే మామూలు చెక్క జిగురు 60–65 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలవుతుంది. మే నెల మధ్యాహ్నం నల్ల పెట్టె ఎండలో ఉంటే లోపల ఆ వేడి రావడానికి ఎంతోసేపు పట్టదు. తీగలు పూర్తి బిగువులో ఉంటే బ్రిడ్జి వెనక అంచు కొద్దికొద్దిగా పైకి లేస్తుంది. టార్మాక్ మన చేతిలో లేదు గానీ, ఎయిర్‌పోర్టుకి వెళ్లేటప్పుడు కారు డిక్కీ మన చేతిలోదే. గిటార్‌ని ఏసీ వేసిన వెనక సీట్లో పెట్టండి. వేసవిలో రాత్రి ఫ్లైటు దొరికితే ఇంకా మంచిది.

(వీణ సంగతి మరీ సున్నితం. 24 మెట్లూ నిలబడేది నల్ల మైనం మీద. వేడికి మైనం మెత్తబడి మెట్టు వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది, మేళం, అంటే మెట్ల అమరిక, మళ్లీ కట్టించాల్సిందే. బొబ్బిలి వీణ కొని అమెరికాలో పిల్లలకు పంపేవాళ్లు చలికాలంలో పంపడం అందుకే నయం.)

అపోహ: తీగలన్నీ పూర్తిగా వదిలేస్తేనే క్షేమం.

అకూస్టిక్‌కి మామూలుగా వేసే 12–53 మందం సెట్టు తీగలు శ్రుతిలో ఉన్నప్పుడు మెడ మీద పడే లాగుడు మొత్తం 70 కిలోల పైమాటే. ఆ బిగువులో ఉన్న మెడకు దెబ్బ తగిలితే త్వరగా విరుగుతుంది. కాబట్టి తగ్గించడం సబబే. అయితే ఎంత? ఆరు తీగలనీ రెండు ఫ్రెట్ల (అంటే రెండు స్వరస్థానాల) మేర దించితే లాగుడులో ఐదో వంతు పోతుంది. నాలుగు ఫ్రెట్ల మేర దించితే మూడో వంతుకు పైగా పోతుంది. అక్కడితో ఆపేయండి. మరీ వేలాడేలా వదిలేస్తే తీగలు ట్యూనర్ల మీద చుట్టు జారి చిక్కుపడతాయి, అతికించని శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ), నట్ (మెడ, తల కలిసేచోట తీగలు ఆనే పట్టీ) ఊడి పెట్టెలో దొర్లుతాయి. మెడ లోపలుండే కడ్డీ, ట్రస్ రాడ్, మెడని వెనక్కి లాగుతూనే ఉంటుంది గనక, వారాల తరబడి అలా వదిలేస్తే మెడ వెనక్కి వంగుతుంది కూడా. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కి లాగుడు దాదాపు సగమే, దానికి రెండు ఫ్రెట్లు చాలు.

స్ప్రింగుల ఆసరాతో కదిలే ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి ఉన్న ఎలక్ట్రిక్ గిటార్ అయితే తీగలు దించేముందు బ్రిడ్జి కింద చెక్కముక్కో మడిచిన అట్టో పెట్టండి. లేకపోతే స్ప్రింగులు బ్రిడ్జిని వెనక్కి లాగేసి, దిగాక గంటసేపు సెటప్‌తోనే సరిపోతుంది.

అపోహ: హార్డ్ కేసు ఉంటే ఇక దిగుల్లేదు.

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. హార్డ్ కేసు బయటి గుద్దుళ్లని ఆపుతుంది. లోపలి ఊపుని ఆపదు. పెట్టె వెల్లకిలా పడ్డప్పుడు లోపల బాడీ మెత్త మీద ఆగుతుంది. మెడ చివర తల మాత్రం గాల్లో ఉంటుంది, దాని మీద ఆరు లోహపు ట్యూనర్ల బరువు. బాడీ ఆగిపోయినా తల ఇంకా కిందికి పోవాలని చూస్తుంది. ఆ విసురంతా నట్ వెనక, మెడ సన్నబడే చోట పడుతుంది. తల వెనక్కి వాలి ఉన్న గిటార్లలో, అంటే గిబ్సన్ తరహాలో, ఆ వాలు 17 డిగ్రీల దాకా ఉంటుంది. చెక్క పోగు అక్కడ వాలుకి అడ్డంగా తెగిపోయి పొట్టిగా మిగులుతుంది. ట్రస్ రాడ్ బిగించే గుంత కూడా అక్కడే తవ్వి ఉంటే బలం ఇంకా తక్కువ. ఫెండర్ తరహా తల చదునుగా, మేపుల్ చెక్కతో ఉంటుంది గనక దెబ్బకి బాగా ఓర్చుకుంటుంది.

అందుకని సర్దేటప్పుడు:

తల మీద క్లిప్ ట్యూనర్, మెడ మీద కేపో (తీగలు నొక్కిపట్టే క్లిప్పు) ఉంటే తీసెయ్యండి. రెండు పాత కాటన్ టీషర్టులు చుట్టి ఒకటి నట్ వెనక మెడ కింద, ఇంకోటి తల కింద పెట్టండి. తల దానికి ఆనాలి, పైకి మాత్రం లేవకూడదు. లేచిందంటే మీరే మెడని వంచుతున్నారు. తలకి రెండు పక్కలా సాక్సుల ఉండలు. తల పైనా ఒక మెత్త, మూత మూస్తే నొక్కకుండా తాకేంత. తల కొసకీ పెట్టె గోడకీ మధ్య మాత్రం కనీసం 2 సెంటీమీటర్ల ఖాళీ వదిలెయ్యండి. అక్కడ గట్టిగా కుక్కితే పెట్టె నిలువుగా పడ్డప్పుడు దెబ్బ నేరుగా తలకే చేరుతుంది. భారం మోయాల్సింది భుజాలు, అంటే మెడ బాడీలో కలిసేచోటికి అటూ ఇటూ ఉండే వంపులు. మెత్తలు అక్కడ పెట్టండి.

అందరూ మర్చిపోయేది అడుగున స్ట్రాప్ బటన్, అంటే భుజం పట్టీ తగిలించే బొడిపె. పికప్ ఉన్న అకూస్టిక్‌కి అదే జాక్ కూడా. పెట్టె అడుగు నేలకి తగిలితే ఆ లోహపు బొడిపె మేకులా లోపలికి దిగి అక్కడి చెక్క దిమ్మని (ఎండ్ బ్లాక్) చీలుస్తుంది. ఒక చేతిరుమాలుని చక్రంలా చుట్టి, మధ్య రంధ్రంలో బటన్ ఉండేలా పెట్టండి. భారం చుట్టూ ఉన్న చెక్క మీద పడుతుంది, బటన్ మీద కాదు.

సౌండ్‌బోర్డు మీద మాత్రం ఏమీ పెట్టకండి. అక్కడ మడిచిన జీన్స్ ప్యాంట్లు పెట్టి మూత నొక్కి మూస్తే బ్రిడ్జి మీద మీరే కూర్చున్నట్టు. తీగలకీ ఫ్రెట్లకీ మధ్య ఒక పలచటి అట్టముక్క దూర్చండి. ఇక మూత వేసి, నిలబెట్టి, నాలుగు వైపులా ఊపండి. లోపల ఏదైనా కదిలిన చప్పుడొస్తే మళ్లీ తెరవాల్సిందే. చివరగా పెట్టె చుట్టూ లగేజీ బెల్టు ఒకటి బిగించండి. దెబ్బ తగిలితే గొళ్లాలు వాటంతటవే తెరుచుకుంటాయి.

అమెరికా వెళ్తుంటే అక్కడి విమానాశ్రయ భద్రతా సంస్థ టీఎస్‌ఏ గుర్తున్న తాళమే వెయ్యండి, మామూలు తాళమైతే తనిఖీలో కోసేస్తారు. తీసి చూసినవాళ్లు మీలాగే సర్దరు కాబట్టి, సర్దిన పద్ధతిని ఫొటో తీసి, ప్రింటు మూతలోపల అంటించండి. భాషతో పని లేకుండా అర్థమవుతుంది.

అపోహ: 'ఫ్రాజైల్' స్టిక్కర్ అంటిస్తే జాగ్రత్తగా చూస్తారు.

స్టిక్కర్‌ని బెల్టు చదవదు. దానికన్నా పనికొచ్చేది, చెక్-ఇన్‌లో మామూలు బెల్టు మీద వెయ్యకుండా ఓవర్‌సైజ్ కౌంటర్లో చేతికి ఇస్తామని అడగడం. అప్పుడు సూట్‌కేసుల కింద పడే మలుపులు కొన్నైనా తప్పుతాయి. ఇంకో మాట: స్టిక్కర్‌తో పాటు 'లిమిటెడ్ రిలీజ్' ట్యాగు మీద సంతకం అడుగుతారు. విరిగితే మాది బాధ్యత కాదన్న అర్థం అందులో ఉంటుంది. చదివి, ఏం ఒప్పుకుంటున్నారో తెలుసుకుని పెట్టండి.

అపోహ: గిటార్‌ని క్యాబిన్‌లోకి రానివ్వాలని చట్టం ఉంది.

ఉన్నది అమెరికాలో. 2012 నాటి ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) చట్టం కింద వచ్చిన నిబంధన 2015 మార్చి 6 నుంచి అమలవుతోంది. మీరు ఎక్కే సమయానికి పైన అరలో చోటుంటే గిటార్‌ని అనుమతించాలి. ముందే చోటు నిండిపోతే ఇంకొకరి సంచి తీయించి మీకు ఇవ్వరు. గిటార్ మీ క్యాబిన్ బ్యాగు లెక్కలోకే వస్తుంది. పైగా ఈ నిబంధన అమెరికా సంస్థలకే. హైదరాబాద్ నుంచి గల్ఫ్ సంస్థలో వెళ్తూ దీన్ని చూపిస్తే ఉపయోగం లేదు. న్యూయార్క్‌లో దిగి అమెరికా సంస్థ విమానంలోకి మారినప్పుడు చూపించొచ్చు.

మన దేశీయ సర్వీసుల్లో క్యాబిన్ బ్యాగుకి మామూలుగా 7 కిలోలు, 55×35×25 సెంటీమీటర్లు. డ్రెడ్‌నాట్ గిటార్ (పెద్ద బాడీ ఉన్న మామూలు అకూస్టిక్) పొడవే 104 సెంటీమీటర్ల దగ్గర. గిగ్‌బ్యాగ్‌లో, అంటే మెత్తటి గుడ్డ సంచిలో, ఉంటే ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 అరల్లో పొడవుగా పడుతుంది గానీ, అది గేటు దగ్గరున్నవాళ్ల దయ. చిన్న ఊళ్లకు వెళ్లే ఏటీఆర్-72లో అయితే దయ ఉన్నా చోటు ఉండదు. టికెట్ తీసుకునేటప్పుడే విమానం రకం చూసుకోండి. గేటు దగ్గర లాక్కుని కిందికి పంపే ప్రమాదం ఉన్నప్పుడు గిగ్‌బ్యాగ్‌తో రావడం అన్నిటికన్నా చెడ్డ ఎంపిక.

చెక్-ఇన్ చేస్తే బరువు చిక్కు కాదు, మామూలు అకూస్టిక్ పెట్టెతో కలిపి సుమారు 7 కిలోలే. కొలత చిక్కు: పొడవు, వెడల్పు, లోతు కలిపితే 165 సెంటీమీటర్లు దాటుతుంది, మామూలు హద్దు 158. సంగీత వాయిద్యాలకు కొన్ని సంస్థలు దీన్ని పట్టించుకోవు, కొన్ని డబ్బు అడుగుతాయి. మీ సంస్థ నిబంధన స్క్రీన్‌షాట్ ఫోన్లో ఉంచుకోండి. మరీ విలువైన గిటార్ అయితే పక్క సీటు కొనడమే దారి. అది ఫోన్ చేసి చేయించుకోవాల్సిన బుకింగ్. కిటికీ పక్క సీటే ఇస్తారు, ఎమర్జెన్సీ వరసలో ఇవ్వరు.

అపోహ: ట్రావెల్ గిటార్ అయితే ఎక్కడైనా పడుతుంది.

గిటలేలే (యుకులేలే తరహా ఆరు తీగల చిన్న గిటార్) కూడా 70 సెంటీమీటర్లు, 55 దాటేసింది. అరలో హాయిగా పడుతుంది, కొలిచే చట్రంలో పడదు. అయినా పెద్ద గిటార్ కన్నా గొడవ చాలా తక్కువ. ఒక్కటే తెలుసుకుని కొనండి: గిటలేలే తీగలు ఐదు స్వరస్థానాలు పైకి ఉంటాయి, అంటే గిటార్‌కి ఐదో ఫ్రెట్ దగ్గర కేపో పెట్టినట్టు. పాట పాడేవాళ్లు గొంతు చూసుకోవాలి.

అపోహ: పెట్టెలో సిలికా జెల్ వేస్తే చెక్క భద్రం.

వర్షాకాలంలో విశాఖలో సరే. డిసెంబరు అమెరికాలో హీటర్ నడిచే ఇంట్లో చెక్క ముందే ఎండిపోతుంటే, ఇది ఉన్న తేమ కూడా లాగేస్తుంది. గిటార్‌కి కావలసింది 45–55 శాతం తేమ. అటూ ఇటూ సరిచేసే 49 శాతం బొవెడా పొట్లాలు దొరుకుతాయి. సముద్రపు ఊళ్లో పెరిగిన గిటార్‌కి పొడి దేశంలో ఫ్రెట్ కొసలు చేతికి గుచ్చుకుంటే, ఫ్రెట్లు పెరగలేదు, ఫింగర్‌బోర్డు కుంచించుకుపోయింది.

అపోహ: రోజ్‌వుడ్ గిటార్‌కి విదేశాల్లో అనుమతి పత్రం కావాలి.

2017 జనవరిలో, అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైట్స్ ఒప్పందం కిందకి రోజ్‌వుడ్ జాతులన్నీ వచ్చాయి. ఈ పుకారు అప్పటిది. పూర్తిగా తయారైన సంగీత వాయిద్యాలకు 2019 నవంబరు నుంచి మినహాయింపు ఇచ్చారు. మన అడవుల్లోని ఇండియన్ రోజ్‌వుడ్‌కీ మినహాయింపు వర్తిస్తుంది. బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కి మాత్రం లేదు, అది 1992 నుంచీ కఠినమైన జాబితాలోనే ఉంది. ఏనుగు దంతం నట్, పొదుగుడు ఉన్న పాత వాయిద్యాన్ని పత్రాలు లేకుండా కదపకండి.

ఖరీదైన గిటార్‌ని తిరిగి తెచ్చేటప్పుడు 'అక్కడ కొన్నారా' అని కస్టమ్స్ అడగొచ్చు. వెళ్లేరోజే విమానాశ్రయంలో సీరియల్ నంబరుతో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. ఆ నంబరు అకూస్టిక్‌కి చాలావరకు సౌండ్‌హోల్ లోపల మెడ దిమ్మ మీద ఉంటుంది.

తీగలు కత్తిరించే కట్టరు, స్క్రూడ్రైవరు, ఆలెన్ కీ చెక్-ఇన్ సంచిలో. పవర్ బ్యాంకు, వైర్‌లెస్ సెట్టు విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలో. ఇవి తారుమారు చేస్తే సెక్యూరిటీ దగ్గర ఏదో ఒకటి పోతుంది.

అపోహ: విరిగితే సంస్థ పూర్తి ధర ఇస్తుంది.

అంతర్జాతీయ ప్రయాణంలో మాంట్రియల్ ఒప్పందం ప్రకారం లగేజీకి గరిష్ఠ పరిహారం 2024 డిసెంబరు 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్ (ఐఎంఎఫ్ లెక్కగట్టే అంతర్జాతీయ యూనిట్), దాదాపు 2,000 డాలర్లు. అది మీ సామాను మొత్తానికి కలిపి. అంతకుమించి విలువైతే చెక్-ఇన్ వేళే విలువ ప్రకటించి అదనపు రుసుము కట్టాలి, లేదా వాయిద్య బీమా చేయించుకోవాలి. నష్టం గురించి 7 రోజుల్లోపు రాతపూర్వకంగా చెప్పకపోతే దావాకి దారి మూసుకుపోతుంది.

కాబట్టి బెల్టు పక్కనే పెట్టె తెరిచి చూడండి. చలిదేశమైతే లోపలి వెచ్చటి హాల్లో పూర్తిగా కాకుండా, తల వైపు చూసేంత. నట్ వెనక మెడ వీపు మీద గోరు జార్చండి, చీలిక ఉంటే తగులుతుంది. బ్రిడ్జి వెనక అంచు కింద విజిటింగ్ కార్డు దూరుతోందా? అడుగు జాక్ వదులుగా ఉందా? ఏది కనబడినా బయటికి రాకముందే కౌంటర్లో పీఐఆర్ (సామాను నష్టం గురించి సంస్థకిచ్చే ఫిర్యాదు పత్రం) రాయించి, పెట్టె, ట్యాగు, గిటార్ మూడూ ఒకే ఫొటోలో పడేలా తీయండి.

తల చీలినట్టు తేలితే వెంటనే తీగలు పూర్తిగా వదిలెయ్యండి. ఫెవిక్విక్ మాత్రం పొయ్యకండి. శుభ్రంగా విరిగిన తల మంచి చెక్క జిగురుతో, సరైన క్లాంపులతో చాలావరకు గట్టిగా అతుకుతుంది. చీలికలో గట్టిపడిన ఫెవిక్విక్ ఉంటే ఆ జిగురు చెక్కలోకి ఇంకదు. ముందు దాన్ని గీకి తీయాలి, గీకితే పోగులు పోతాయి, పోగులు పోతే రెండు ముక్కలూ మళ్లీ సరిగ్గా కలవవు.